పిచ్చమ్మ గారి నడిమి సీటు

పొద్దున్నే చద్దన్నం తింటూ చెంచురామయ్య అక్కగారితో ఒక అబద్ధం ఆడాడు.

"లారీకి గేరు సరిగ్గా పడటం లేదక్కా. గుంటూరు తీసుకెళ్ళి జక్రయ్య షెడ్డులో చూపించుకొస్తా. నువ్వు రానక్కర్లేదు. రేపు పొద్దున్నే కల్లంలో మిరపకాయ ఎత్తేద్దాం."

"రాడ్డు మీద నేను తడితే పడుతోందిగా?" అంది పిచ్చమ్మ.

"ఎన్నాళ్ళని తడతావు?"

ఇందులో అబద్ధం ఎక్కడుందని అడగొచ్చు. గేరు పడని మాట నిజమే. యుద్ధం అయ్యాక మిలిటరీవాళ్ళు వేలంలో వదిలించుకున్న లారీ అది. నాలుగు చక్రాలూ లాగుతాయి, ప్రత్తిపాడు నల్లరేగడిలో ఎడ్లు దిగబడే చోట కూడా పోతుంది. కాకపోతే దాని గేరు రాడ్డు తక్కిన లారీలకు మల్లే కిందినుంచి రాదు, స్టీరింగు గొట్టానికి పక్కన తగిలించి ఉంటుంది. కాళ్ళ దగ్గర అడ్డేమీ లేదు గనక ముందు సీటులో ముగ్గురు కూర్చోవచ్చు. కుడివైపు డ్రైవరు నాగూర్ వలి, ఎడమ తలుపు దగ్గర చెంచురామయ్య, నడుమ పిచ్చమ్మ. అబద్ధమంతా ఆ నడుమే ఉంది.

పిచ్చమ్మ పదహారేళ్ళకే మొగుణ్ణి పోగొట్టుకుని పుట్టింటికి వచ్చింది. అప్పటికి తల్లి లేదు, తమ్ముడికి ఆరేళ్ళు. వాణ్ణి పెంచింది ఆవిడే, పొలం చూసింది ఆవిడే, గుంటూరులో మిరప బేరం చేసేదీ ఆవిడే. పోయిన సోమవారం కమీషను కొట్టు గుమాస్తా చెంచురామయ్యను చూసి, "మీరలా కూర్చోండి. అక్కగారు రానివ్వండి, మాట్లాడుకుందాం" అన్నాడు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, మనవణ్ణి ఎత్తినవాడు, కొట్టు అరుగు మీద కూర్చుని గోళ్ళు గిల్లుకున్నాడు. ఒళ్ళు మండిపోయింది.

"అక్కా, దిగు" అనే దమ్ము ఆయనకు లేదు. గేరు రాడ్డును నేలమీదికి మారిస్తే నడిమి సీటు దానంతటదే పోతుంది. నోటితో అనలేని మాటను జక్రయ్య చేత వెల్డింగు చేయిద్దామనుకున్నాడు పెద్దమనిషి.

జక్రయ్య పని తెలిసినవాడు. లారీ కిందికి దూరి చూసి, పైకి వచ్చి, నేల రేకు మీద సుద్దముక్కతో గుండ్రంగా గీత గీశాడు. "ఇక్కడ కోస్తే గేరు బాక్సు సరిగ్గా కిందే ఉంటదండి. పాత లారీది రాడ్డొకటుంది, నిలబెట్టేస్తా. సాయంత్రానికి పంపించేస్తా."

అక్కడితో అయిపోవలసింది. కానీ ఊళ్ళో వాస్తు చూసే పానకాలు తన పని మీద అదే లారీలో గుంటూరు వచ్చాడు, తిరిగి వెళ్ళడానికి అక్కడే కూర్చుని ఉన్నాడు. ఊరికే కూర్చుంటాడా?

"ఆగవయ్యా! అది బ్రహ్మస్థానం. ఇంటికి నడిబొడ్డున ఎవడన్నా గొయ్యి తవ్వుతాడా?"

"ఇది ఇల్లు కాదండీ, లారీ" అన్నాడు జక్రయ్య.

"గోడలున్నాయి, కప్పుంది, తలుపులున్నాయి. గుమ్మడికాయ కొట్టందే ఎక్కలేదు. ఇల్లు కాక మరేంటి? నడుమ పొడిస్తే యజమానికి గండం. తర్వాత నన్నడగొద్దు."

గండమనేసరికి చెంచురామయ్యకు చెమట పట్టింది. "ఎంత జరపాలి?"

పానకాలు తలుపు నుంచి తలుపుకు జానలు వేసి, కళ్ళు మూసి లెక్కకట్టి, "ఎడమకి అడుగు" అన్నాడు.

"డ్రైవరుకు చెయ్యి అందదండీ!"

"రాడ్డు వంచు."

"గేరు బాక్సు నుంచి అంత పక్కకి తేవాలంటే కింద ఒకసారి వంచక తప్పదు. పైన మళ్ళీ వంచితే విరిగిపోద్ది."

"విరిగితే మళ్ళీ ఖర్చు" అన్నాడు చెంచురామయ్య. "అడుగు జరుపు. పైన వంచొద్దు."

నాగూర్ వలి ఏదో అనబోయాడు. అతని చెయ్యే అందనిది. అతన్ని మాత్రం ఎవరూ అడగలేదు.

పాత రాడ్డును గ్యాసుతో కోసి అవతల పారేశారు. సీటును రంపంతో నడుమ కోసి, ఆ ముక్కను లారీ వెనక పడేశారు. పిచ్చమ్మ మడతపెట్టి పరుచుకునే పాత దుప్పటి దానిమీద అలాగే ఉంది.

తిరుగు ప్రయాణం గురించి వలి ఆ తర్వాత ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. వంగితే రోడ్డు కనపడదు, రోడ్డు చూస్తే గేరు అందదు. ఊరిదాకా రెండో గేరులోనే ఏడిపించుకుంటూ తెచ్చాడు. ఊళ్ళో మలుపు దగ్గర మార్చక తప్పలేదు. ఒక్కసారి వంగాడు. లేచి చూసేసరికి లారీ ఒక ప్రహరీ గోడలో ఉంది. అది పానకాలు ఇంటి గోడ. పడింది ఈశాన్యం మూల.

"ఈశాన్యం పెరిగితే మంచిదంటారుగా అండీ?" అన్నాడు వలి, పాపం, ధైర్యం చెబుదామని.

పానకాలు దిగి ఇటుకలు ఏరుకోవడం మొదలుపెట్టాడు.

ఇంటి ముందు లారీ ఆగగానే పిచ్చమ్మ వచ్చింది. వెనక తన దుప్పటి చూసింది. దాని కింద సీటు ముక్క చూసింది. క్యాబిన్ తలుపు తీసి, తను కూర్చునే చోట ఉన్న ఖాళీని చూసింది.

"ఇదేంట్రా?"

"అదీ... రాడ్డుకి అడ్డొచ్చిందక్కా. పారేయడం ఎందుకు, అరుగు మీద వేసుకుంటావని తెచ్చా."

పిచ్చమ్మ అరిచే మనిషి. ఆవిడ అరిస్తే నాలుగిళ్ళ అవతల పొయ్యి దగ్గరున్నవాళ్ళు కూడా తప్పు తమదేమోనని సర్దుకునేవాళ్ళు. ఆ సాయంత్రం అరవలేదు. ఆ ముక్కను తనే మోసుకెళ్ళి అరుగు మీద పెట్టి లోపలికి పోయింది. చెంచురామయ్యకు అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున లేచేసరికి ట్రంకు పెట్టె గుమ్మంలో ఉంది.

"వేటపాలెంలో మా మరిది కొడుకున్నాడు. జీడిగింజలు కొట్టుకుంటూ అక్కడే బతుకుతా" అంది.

"సీటు తీస్తే ఇల్లు వదిలి పోతావా అక్కా?"

"నేనెక్కడ కూర్చోవాలో చెప్పావుగా, అరుగు మీదని. ఇవాళ అరుగన్నావు. రేపు వీధంటావు. అనిపించుకునేదాకా ఉండటం దేనికి?"

తప్పయింది అనడానికి ఒక్క క్షణం చాలు. చెంచురామయ్య మాత్రం, నలభై రెండేళ్ళుగా తన ముందు కంచం పెట్టిన మనిషి ట్రంకు పెట్టె ఎత్తుకుని బస్సు రోడ్డుకేసి పోతుంటే గుడ్లప్పగించి చూశాడు.

అప్పుడు ఉరిమింది.

మాఘమాసంలో వానేంటని ఆకాశాన్ని అడగడానికి తీరిక లేదు. ఏడాదంతా ఇంటిల్లిపాదీ నడుం వంచి పండించిన కాయ కల్లంలో ఎర్రగా పరిచి ఉంది. తడిస్తే రంగుపోయి తాలే, ముట్టుకునేవాడుండడు. చెంచురామయ్య, వలి లారీ తీశారు. కూలీలు తొక్కి తొక్కి బస్తాలు నింపారు. మొదటి విడత ఎక్కించారు. గేరు వెయ్యడానికి చెంచురామయ్యే ఎడమవైపు కూర్చున్నాడు.

"అయ్యా, ఒకటి!"

"ఒకటెక్కడ?"

"మీవైపు లాగి ముందుకండీ! నేను క్లచ్చి తొక్కాక వెయ్యాలి! అయ్యో, తొక్కకముందే కాదండీ!"

లారీ గొంతు కోసినట్టు అరిచింది. లారీ కొన్న ఆరేళ్ళూ తలుపు పక్కన కూర్చుని ఎవరి చేలో కాయ ఎలా ఉందో చూశాడే గాని, గేరు ఎలా పడుతుందో చెంచురామయ్య ఒక్కనాడూ చూడలేదు. పొలం నడుమ బండి ఆగిపోయింది. అద్దం మీద మొదటి చినుకు పడింది.

బస్సు రోడ్డు ఆ పొలం పక్కనే. పిచ్చమ్మ ట్రంకు పెట్టె మీద కూర్చుని ఆ చప్పుడు వింది. ఒకసారికి పళ్ళు బిగపట్టింది, రెండోసారికి చెవులు మూసుకుంది. మూడోసారి గేరు అరిచేసరికి లేచింది. పెట్టె రోడ్డు మీదే వదిలేసి, చీర ఎగదోపి గట్టు దిగింది.

"దిగరా."

చెంచురామయ్య దిగాడు. పిచ్చమ్మ ఎక్కి రాడ్డు పట్టుకుంది.

"వలీ, తొక్కు."

గేరు పడింది. చప్పుడు కూడా రాలేదు. ఏది ఎప్పుడు వెయ్యాలో వలి చెప్పనక్కర్లేదు, ఇంజను గొంతును బట్టి ఆవిడ చేతికే తెలిసిపోతోంది. ఆరేళ్ళు నడుమ కూర్చుని ఆవిడ విన్నది అదే మరి.

రెండు విడతలు ఇంటి వెనక రేకుల కొట్టానికి చేరాయి. మూడోదానికి కల్లంలోకి తిరిగి వచ్చేసరికి వాన దంచి కొట్టింది. సగం పంట నేలమీదే ఉంది. దాని మీద నుంచి ఎర్రటి నీళ్ళు కాలవ కట్టి చేలోకి పోతున్నాయి. కూలీలు తట్టలు నెత్తిన పెట్టుకుని నిలబడ్డారు. ఎత్తడానికి ఇంకేమీ లేదు.

"తప్పయిందక్కా" అన్నాడు చెంచురామయ్య, ఆ నీళ్ళలో నిలబడి. ఏడుస్తున్నాడో వానో తెలియలేదు.

పిచ్చమ్మ కల్లం వంక చూసింది. "నిన్న ఎత్తాల్సిన కాయరా ఇది. నిన్న ఎత్తితే ఇంట్లో ఉండేది" అంది. తర్వాత అంది, "పెట్టె రోడ్డు మీదుంది. తెచ్చి లోపల పెట్టు."

చెంచురామయ్య దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరంతా చూస్తుండగా ఇంటికి మోశాడు.

వానలు వెలిశాక జక్రయ్యే కబురు పెట్టాడు, రాడ్డు నడుమకి తెస్తానని. గోడ కట్టుకున్న పానకాలు కూడా లారీకి వాస్తు అంతగా పట్టింపు లేదని ఒప్పుకున్నాడు. పిచ్చమ్మ వద్దంది.

"ఉండనీరా. నా చేతికి బాగానే అందుతోంది."

అప్పట్నుంచి గుంటూరుకు లారీ వెళ్ళినప్పుడల్లా కుడివైపు నాగూర్ వలి, ఎడమ తలుపు దగ్గర పిచ్చమ్మ. చెంచురామయ్య తలకు తువ్వాలు చుట్టుకుని వెనక మిరప బస్తాల మీద కూర్చుని దారిపొడవునా తుమ్ముకుంటూ వెళ్ళేవాడు. ముందు ఇద్దరే కూర్చోవాలన్నది మొదట ఆయన కోరికే.