ఎడమది వచ్చింది, కుడిది పోయింది

"బసవా! నేరస్థుడి మొహం చూడకుండా వాడి చెప్పుల సైజు చెప్పగల బుర్రలు ఈ దేశంలో రెండే ఉన్నాయి. ఒకటి నాది. రెండోది ఎవరిదో ఇంకా పరిశోధిస్తున్నా."

వీరరాఘవయ్య ఈ ప్రకటన చేసేటప్పటికి నేను కంటికి భూతద్దం బిగించుకుని, ఎవరిదో ఆడవాళ్ళ వాచీలో వెంట్రుకంత స్ప్రింగు పెడుతున్నాను. ఆయన మాట పూర్తిచేసి నా బల్ల మీద ఒక గుద్దు గుద్దాడు. స్ప్రింగు ఎగిరిపోయింది.

"ముందు అది ఎటు పోయిందో కనిపెట్టు," అన్నాను.

"చిన్న కేసులు మానేశా."

జగ్గయ్యపేటలో నాది వాచీల రిపేరు కొట్టు. పక్కనే ఆయన జిరాక్సు, ఎస్టీడీ బూతు. దాన్ని నడిపేది ఆయన భార్య ప్రేమకుమారిగారు. ఆయన నడిపేది డిటెక్టివ్ శాఖ. పెయింటరు జాగా చాలక రెండు వరుసలు కలిపేయడం వల్ల కొట్టు మీద బోర్డు "రహస్య పరిశోధనలు, లామినేషన్ చేయబడును" అని తయారైంది. అప్పటిదాకా తేలిన కేసు ఒక్కటే. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు చెప్పులు పోతే ఈయన మూడు గంటలు వెతికాడు. చివరికి అవి ఈయన కాళ్ళకే ఉన్నాయని పెళ్ళికొడుకు తమ్ముడు చూశాడు.

అది రెండువేల నాలుగులో ఒక శుక్రవారం. పప్పు మిల్లు తిరుపతిరావుగారు మా కొట్టుకి వచ్చారు. రెండు నెలల క్రితం ఆయన ఊళ్ళోవాళ్ళు తలెత్తి చూసేంత పెద్ద జీపులాంటి కారుబండి కొన్నారు. నిజంగానే తలెత్తాలి, అంత ఎత్తు. ఎక్కడానికి వీలుగా రెండు పక్కలా పొడుగాటి ఫుట్‌బోర్డులు కంపెనీవాళ్ళే బిగించి ఇచ్చారు.

"బుధవారం ఎడమవైపు ఫుట్‌బోర్డు పోయిందండీ," అన్నారు ఆయన.

"బండిని వదిలేసి ఫుట్‌బోర్డు ఒక్కటేనా?"

"అదేనండీ విచిత్రం. కంపెనీ కాగితాల్లో దాన్ని రన్నింగ్ బోర్డు అని రాశారు."

"రన్నింగా! పేరులోనే పరుగుంది. రాసుకో బసవా."

నేను రాసుకోలేదు.

"పూర్తిగా వినండి. ఇవాళ పొద్దున చూద్దును కదా, ఎడమది వచ్చేసింది. కుడిది పోయింది."

వీరరాఘవయ్య లేచి నిలబడ్డాడు. ఆయన కళ్ళు మెరిశాయి. "దొంగకి పశ్చాత్తాపం కలిగింది. కానీ వాడికి కుడి ఎడమలు తెలియవు!"

తిరుపతిరావుగారు నా వైపు జాలిగా చూసి గొంతు తగ్గించారు. "పోలీసుల దాకా వెళ్ళడం ఇష్టం లేదండీ. తాళాలుండేది డ్రైవరు కరీముల్లా దగ్గర. ఇరవై ఏళ్ళుగా మా ఇంట్లో మనిషి. మా నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు నాకంటే ఎక్కువ చూసుకున్నది అతనే. అలాంటివాడు ఇప్పుడు అడిగితే నేల చూపులు చూస్తున్నాడు. రేపటికి సంగతి తేలకపోతే మానిపించక తప్పదు. అది జరక్కుండా చూడండి, మీకు పుణ్యముంటుంది."

ఆయన గొంతులో దిగులు విన్నాక నాకు నవ్వు పోయింది.

వాళ్ళింటి రేకుల షెడ్డులో బండి ఉంది. ఎదురుగా వరండాలో తిరుపతిరావుగారి తల్లి సత్యనారాయణమ్మగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. మోకాళ్ళ మీద దుప్పటి, పక్కన చేతికర్ర. కరీముల్లా గుడ్డతో అద్దం తుడుస్తున్నాడు, అప్పటికే మెరుస్తున్న అద్దాన్నే.

"ఇప్పుడు నేర పునర్నిర్మాణం," అని వీరరాఘవయ్య చొక్కా చేతులు మడిచాడు. "ఉన్న బోర్డు నేనే విప్పుతా. దొంగకి ఎంతసేపు పట్టిందో తేల్చేస్తా. స్పానరు!"

కరీముల్లా స్పానరు అందించాడు. వీరరాఘవయ్య బండి కిందకి దూరాడు. కాసేపు చప్పుడు, కాసేపు తిట్లు.

"అటు కాదండి," అన్నాడు కరీముల్లా వంగి చూస్తూ. "ఎడం చేతి వైపు తిప్పాల. ఆరు బోల్టులుంటయ్యి. ఆఖరిది తీసేముందు కింద చెయ్యి పెట్టుకోండి."

"ముద్దాయిల దగ్గర పాఠాలు నేర్చుకోను!"

ఆఖరి బోల్టు ఊడింది. ఐదున్నర అడుగుల ఫుట్‌బోర్డు వచ్చి ఆయన గుండెల మీద పడింది. కరీముల్లా, నేనూ కలిసి దాన్ని ఎత్తాం. గ్రీజు మొహంతో బయటికొచ్చిన వీరరాఘవయ్య బోర్డు అడుగుభాగం చూసి కెవ్వుమన్నాడు. అక్కడ రెండు గుండ్రటి చిల్లులున్నాయి, కొత్తగా తళతళలాడుతూ.

"తూటాలు! రెండు తూటాలు! బసవా, ఇది మామూలు దొంగతనం కాదు. ఈ బోర్డు కోసం రక్తం చిందింది!"

కరీముల్లాకి దగ్గొచ్చింది. వరండాలోంచి సత్యనారాయణమ్మగారు, "రక్తం సంగతి తర్వాత చూద్దువు గానీ, ముందా మొహం కడుక్కో నాయనా," అన్నారు.

వీరరాఘవయ్య దాన్ని తిరిగి బిగించేటప్పటికి గంట పట్టింది. రెండు బోల్టులు మిగిలాయి. కంపెనీవాళ్ళు ఎక్కువిచ్చారని చెప్పి వాటిని నా చేతిలో పెట్టాడు. మేం గేటు దాటుతుంటే కరీముల్లా నా దగ్గరికొచ్చి చెయ్యి చాచాడు. ఆ రెండూ తీసుకుని, వెళ్ళి బండి కిందకి దూరాడు. దొంగతనం చేసే మనిషి అలా చెయ్యడని నాకు అప్పుడే అనిపించింది.

శనివారం కరీముల్లా పూట సెలవు పెట్టి నందిగామ బస్సెక్కాడు. నా స్కూటరు మీద మేం వెనక. వీరరాఘవయ్యది మారువేషం: నల్లకళ్ళద్దాలు, మెడలో మఫ్లరు. చిల్లకల్లు దగ్గర బస్సు ఆగినప్పుడు కండక్టరు తల బయటికి పెట్టి, "ఏం రాఘవయ్యగారూ, ఎండలో మఫ్లరేంటండీ? జలుబా?" అని పలకరించాడు.

"నన్ను కాదు," అన్నాడు వీరరాఘవయ్య నాతో.

నందిగామ బస్టాండు జనంలో నీలం చొక్కా కరీముల్లా దిగాడు. మేం నీలం చొక్కా వెంట పడ్డాం. టీ కొట్టు, మందుల షాపు, పోస్టాఫీసు, అరగంట తిరిగాం. చివరికి ఆ చొక్కా మా వైపు తిరిగింది. లోపలున్నది కరీముల్లా కాదు. చేతిలో ఒక బ్యాగు, మొహం నిండా నవ్వు.

"ఇందాకట్నుంచీ చూస్తున్నానండీ, నా వెనకే వస్తున్నారు. మొహమాటపడుతున్నట్టున్నారు. పాలసీ కోసమేగా? ఇద్దరికీనా?"

ఆయన ఇన్సూరెన్సు ఏజెంటు. మేం వెనక్కి తిరిగాం. ఆయన మా వెంట పడ్డాడు. మేం నడక పెంచితే ఆయనా పెంచాడు. "వయసెంత సార్? నామినీ ఎవరు సార్?"

"నన్నే వెంటాడుతున్నారు బసవా! నా జీవితంలో ఇది మొదటిసారి!" అంటూ వీరరాఘవయ్య కనిపించిన మొదటి షెడ్డులోకి దూరాడు. నేనూ దూరాను. అదొక వెల్డింగు షాపు. రెండు పెయింటు డబ్బాల మీద పొడుగాటి నల్ల బల్లలాంటిది ఉంటే వీరరాఘవయ్య దాని మీద కూలబడి మఫ్లరుతో మొహం కప్పేసుకున్నాడు.

ముప్ఫై ఏళ్ళ మనిషి ఒకతను నల్లకళ్ళద్దాలు నుదుటి మీదకి నెట్టి వచ్చాడు. "దాని మీద కూర్చోమాకండి సార్..."

"ష్! నీ పేరు?"

"ఇలియాసండి. సార్, లేవండి..."

ఏజెంటు బయట నుంచి వెళ్ళిపోయాడు. వీరరాఘవయ్యకి ధైర్యం తిరిగొచ్చింది. వచ్చిందే తడవుగా విచారణ మొదలుపెట్టాడు.

"మాట మార్చకు. నల్లటిది, ఐదున్నర అడుగులది, పైన రబ్బరు గీతలున్నది, ఓ బండి తాలూకు భాగం, ఎక్కడన్నా చూశావా?"

"చూశానండి. మీరు..."

"తొందరపడకు! బాగా ఆలోచించుకుని చెప్పు. ఎక్కడ?"

"మీ కిందండి."

"నా కింద ఎంతమంది పనిచేస్తున్నారో నీకనవసరం!" అని వీరరాఘవయ్య కాలు వెనక్కి విసిరాడు. మడమ దేనికో తగిలింది. ఖటక్కున ఆ బల్ల అడుగునుంచి ఒక ఇనపమెట్టు మడత విప్పుకుని కిందకి దిగింది. బల్ల ఒరిగింది. మహా పరిశోధకుడు ఇనపరజనులో వెల్లకిలా పడ్డాడు. సరిగ్గా అప్పుడే రెండు టీ గ్లాసులతో అసలు కరీముల్లా లోపలికొచ్చాడు.

ఇలియాస్, నేనూ కలిసి ఆయన్ని లేపి కూర్చోబెట్టాం.

"ఇలియాస్ నా మేనల్లుడండి," అన్నాడు కరీముల్లా. గ్లాసులు కింద పెట్టాడు. "అమ్మగారికి కుడి మోకాలు లేవట్లేదండి. ఆ బోర్డు కూడా ఆమెకి ఎత్తే. కంచికచర్ల పెళ్ళికి ఎళ్ళినప్పుడు అయ్యగారు ఆమెని అందరి ముందూ చేతుల్తో ఎత్తి బండిలో కూర్చోబెట్టారు. ప్రేమతోనే లెండి. పెళ్ళివాళ్ళు నవ్వారు. ఆ రోజు నుంచి ఆమె గుమ్మం దాటట్లేదు. ఒంట్లో బాలేదు, రానంటది."

"అందుకని మడతమెట్టా?" అన్నాను.

"అవునండి. బోర్డు కింద బిగిస్తే సగం ఎత్తులో అడుగేసి ఎక్కొచ్చు. ముందు ఎడంపక్క పెట్టాం. అటునించి ఎక్కాలంటే కుడికాలే ముందెయ్యాలి, ఆ కాలే కదా పనిచెయ్యంది! అందుకని దానికి తీసేసి కుడిపక్క దానికి పెట్టాం. రెండు చిల్లులు మిగిలిపోయినయ్యి."

తూటాలు కనిపెట్టినాయన మఫ్లరుకంటిన ఇనపరజను దులుపుకోవడంలో పడ్డాడు.

"ఈ మాట తిరుపతిరావుగారికి చెప్పొచ్చుగా?" అన్నాను.

"చెప్పొద్దని అమ్మగారు ఒట్టేయించుకున్నారండి. కొడుకు ముచ్చటపడి కొన్నాడు, ఎక్కలేనని తెలిస్తే చిన్నబోతాడు అన్నారు."

"నీ ఉద్యోగం పోతుందయ్యా!"

"పోద్దేమోనండి," అని టీ గ్లాసు వీరరాఘవయ్యకి అందించాడు. "తాగండి, చల్లారిపోద్ది."

మేం ఆ బోర్డు తీసుకుని బయల్దేరాం. కరీముల్లా చేతిలో అది కనిపిస్తే ప్రమాదం కాబట్టి మా స్కూటరు మీదే. వీరరాఘవయ్య దాన్ని ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాడు. ఎదురొచ్చిన ప్రతి లారీవాడూ మమ్మల్ని తిట్టాడు. చాలా దూరం ఆయన నోరు విప్పకపోవడం చూసి నాకు భయమేసింది.

"బసవా," అన్నాడు చివరికి. "దొంగ దొరికితే ఏం చెయ్యాలో నాకు తెలుసు. దొరికినవాడు మంచివాడైతే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు."

"నిజం చెప్తే ఆవిడ మాట పోతుంది. చెప్పకపోతే ఇతని ఉద్యోగం పోతుంది."

"నాకు వదిలెయ్," అన్నాడు. నాకు భయం రెట్టింపైంది.

సాయంత్రం తిరుపతిరావుగారింట్లో అందరూ చేరారు. బస్సులో వచ్చిన కరీముల్లా బోర్డు ఎత్తిపట్టి, వాషర్లు వేసి, ఆరు బోల్టులూ పది నిమిషాల్లో బిగించేశాడు. వీరరాఘవయ్య షెడ్డు మధ్యలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఇది అంతర్రాష్ట్ర ముఠా పని! నందిగామలో ఒక పాడుబడ్డ గిడ్డంగిలో నలుగురు నన్ను చుట్టుముట్టారు. చేతుల్లో కత్తులు. చొక్కాకంటిన ఈ ఇనపరజను చూడండి, ఈ గీరుకుపోయిన మోచెయ్యి చూడండి. కరీముల్లాకి ఈ నేరంతో వెంట్రుకంత సంబంధం కూడా లేదు!"

తిరుపతిరావుగారి మొహం వెలిగింది. వెళ్ళి కరీముల్లా భుజం పట్టుకున్నారు. ఆ సంతోషంలో వంగి బోర్డు చూశారు, చేత్తో తడిమారు. ఖటక్కున మెట్టు కిందకి దిగింది.

"ఇదేంటండీ? ఇది మన బండికి లేదే?"

వీరరాఘవయ్య ఒక్క క్షణం తడబడ్డాడు. ఒక్క క్షణమే.

"ముఠా నాయకుడు పొట్టివాడు," అన్నాడు.

వరండాలోంచి నవ్వు వినపడింది. సత్యనారాయణమ్మగారు కుర్చీ చేతులు పట్టుకుని, దుప్పటి జారిపోతున్నా చూసుకోకుండా, కళ్ళనీళ్ళు వచ్చేట్టు నవ్వుతున్నారు. ఆ ఇంట్లో ఆవిడ నవ్వు విని చాలాకాలమైందని తిరుపతిరావుగారి మొహం చూస్తే తెలిసింది.

"చాల్లే నాయనా, నువ్వు చెప్పలేవు గానీ నేనే చెప్తా," అని లేచారు ఆవిడ. కర్ర ఊనుకుంటూ బండి దగ్గరికొచ్చారు. "ఆ పొట్టి నాయకురాలిని నేనేరా తిరుపతీ. కరీముల్లా చేత చేయించింది నేనే. నీ బండి నాకు ఎత్తు."

"ఒక్క మాట చెప్తే సరిపోయేది కదమ్మా! ఆ బండి అమ్మేసేవాణ్ణి..."

"అమ్మేస్తావు, లేకపోతే ఎత్తుకుంటావు. ఆ రెండూ తప్ప నీకింకేం తెలుసు? కాస్త జరుగు."

తలుపు పిడి పట్టుకున్నారు. ఎడమకాలు మెట్టు మీద పెట్టారు. తిరుపతిరావుగారి చేతులు వాటంతట అవే ముందుకి సాగాయి. మళ్ళీ వెనక్కి లాక్కుని, వీపు వెనక కట్టేసుకున్నారు. ఆవిడ మెట్టు మీద నుంచి బోర్డు మీదకి, బోర్డు మీద నుంచి సీటులోకి, మెల్లగా, ఎవరి చెయ్యీ లేకుండా చేరారు. చీర కుచ్చిళ్ళు సర్దుకున్నారు.

"ముక్త్యాల పోనీ కరీముల్లా. మా చెల్లెల్ని చూసి మూడు నెలలైంది."

బండి కదిలింది. తిరుపతిరావుగారు "అమ్మా, అమ్మా, నేనూ!" అంటూ చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తి ఎడమవైపు నుంచి ఎక్కేశారు. దుమ్ము లేచింది. షెడ్డులో మేమిద్దరం, తిరుపతిరావుగారి భార్య కమలాకుమారిగారు మిగిలాం.

ఉపన్యాసం మధ్యలో చెయ్యెత్తిన వీరరాఘవయ్య ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

"కాఫీ తెస్తా, కూర్చోండి అన్నయ్యగారూ," అన్నారు కమలాకుమారిగారు నవ్వు ఆపుకుంటూ. "ఇంతకీ గిడ్డంగిలో ఆ నలుగురూ ఏమయ్యారు?"

ఆయన వెంటనే కూర్చున్నాడు. కాఫీ అయ్యేటప్పటికి ఆ నలుగురూ ఏడుగురయ్యారు.