రెండో పాళీ టీచరు

మనిషికీ మనిషికీ ఆరడుగుల దూరం ఉండాలని పోలీసులు లాఠీలతో కొలిచి చూపిస్తున్న రోజుల్లో, జోనల్ సమన్వయాధికారి శ్యాంసుందర్ గారు తన పరిధిలోని బడులన్నిటికీ ‘హాథ్ మిలావో’, అంటే ‘చేతులు కలపండి’ అనే పథకం ప్రకటించారు.

పథకం గొప్పది. ఇకమీదట ఏ టీచరూ ఒంటరిగా పనిచేయకూడదు. ప్రతి టీచరుకీ ఒక జోడీ ఉండాలి. ఇద్దరూ సహకరించుకోవాలి, ఒకరికొకరు జవాబుదారీగా ఉండాలి, ఈ రెండూ యాప్‌లో కనబడాలి. జోడీ ఉన్న తరగతికి పచ్చ గుర్తు, లేనిదానికి ఎర్ర గుర్తు. మూడు నెలలు ఎర్రగా ఉన్న తరగతిని పక్క మీడియంలో కలిపేస్తారు.

ఆయన ఈ మాటలు వీడియో మీటింగులో చెబుతుంటే, సూరత్ డిండోలిలోని ఒంటిగది ఇంట్లో హారతి ఫోనును కందిపప్పు డబ్బాకి ఆనించి వింటోంది. ఆమె తెలుగు మీడియం టీచరు. పెళ్ళయి అయిదు నెలలు. మరమగ్గాల మీద పనిచేసేవాళ్ళ పిల్లలు ముప్పై ఒక్క మంది ఆమె దగ్గర చదువుతారు. ఇంకో టీచరు పద్మారాణి మార్చిలోనే రిటైరై, రైళ్ళు ఆగిపోయే ముందు రోజు సిరిసిల్ల చేరుకుంది. అంటే జోడీ లేదు. జోడీ లేకపోతే ఇప్పుడిప్పుడే గుణింతాలు పట్టుబడుతున్న ముప్పై ఒక్క మందీ గుజరాతీ తరగతిలో గోడ చూస్తూ కూర్చోవాలి.

“సార్, మా బడిల నేనొక్కదాన్నే ఉన్న,” అంది హారతి.

“లిస్టుల ఇద్దరున్నరు గదా హారతీబేన్.” ఆయన పుట్టింది సూరత్‌లోనే అయినా తల్లిదండ్రుల భాషను వదలని మనిషి.

“పద్మారాణి మేడం రిటైరయిండ్రు సార్.”

“మేడం రిటైరయింది. లిస్టు గాలే. చలో, నెక్స్ట్.”

సాయంత్రం ఏడింటికి భర్త సోమలింగం ఉధ్నాలో మరమగ్గాల పగటి పాళీ దిగి, ఆకులో వేడి వేడి సెనగపిండి లోచో కట్టించుకుని వచ్చాడు. భార్య మొహం చూసి పొట్లం విప్పకుండానే సంగతి అడిగాడు. విన్నాక తేలిగ్గా నవ్వాడు.

“గింతేనా? నాకూ ఒక జోడీ ఉన్నది. నేను పగలు, గాడు రాత్రి. మూడేండ్ల సంది గవే ఎనిమిది సాంచాలు నడుపుతున్నం. గాని మొహం నేను సక్కగ సూడలే. బట్టల తప్పొస్తే నేను గాని మీద ఏస్త, గాడు నా మీద ఏస్తడు. నీ సారు చెప్పేది గిదే గదనే. నువ్వు పగటి పాళీ, మేడం రెండో పాళీ.”

ఇంత తెలివైన భర్త దొరికినందుకు హారతి లోచోలో పెద్ద ముక్క అతనికే పెట్టింది.

మర్నాడు యాప్ తెరిస్తే ఆ తెలివి ఎంత అవసరమో తెలిసింది. యాప్‌లో ఒక టీచరు రోజుకి ఒక్క క్లాసే తీసుకోగలదు. హారతికి వచ్చింది పొద్దున పదకొండు గంటలు. ఆ వేళకి ఇంటి ఫోను తండ్రితోపాటు మగ్గం దగ్గర ఉంటుంది. రాత్రి పాళీ వాళ్ళ ఫోన్లు ఇంట్లోనే ఉంటాయి, కానీ తలగడ కింద ఉంటాయి. తలగడ మీద తండ్రి ఉంటాడు. అందుచేత హారతి రోజూ పదకొండింటికి గోడకి పాఠం చెప్పేది. ఒకరోజు మాత్రం ఒకాయన జేబులో ఫోను తనంతట తానే నొక్కుకుపోయి, మగ్గం చప్పుడు నలభై నిమిషాలు పాఠం వింది. యాప్ దానికి హాజరు వేసింది.

పద్మారాణి టీచరు సమయం సాయంత్రం ఏడున్నర. తండ్రులు దిగి, ఫోన్లు ఇల్లు చేరే వేళ. ఒక్కో ఫోను ముందు ఇద్దరేసి, ముగ్గురేసి పిల్లలు ఎవరి పేరు వాళ్ళు నొక్కి, తలలు ఆనించి కూర్చునేవారు. ఆ పేరుతో లాగిన్ కావాలంటే పద్మారాణి ఫోనుకి వచ్చే ఆరంకెలు కావాలి. హారతి అడగగానే ఒప్పుకున్న ఆమె సిరిసిల్లలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, రోజూ ఏడూ ఇరవై అయిదుకి తప్పకుండా ఫోను చేసేది. “రాసుకో బిడ్డా,” అని అంకెలు చదివేది. హారతి కెమెరాలో తాను పడకుండా పలక ఒక్కటే కనబడేలా పెట్టి, మూతికి మాస్కు కట్టుకుని గొంతు కొంచెం బొంగురు చేసి చెప్పేది. సోమలింగం కదలకుండా పలక పట్టుకుని తెర మీద పిల్లల చేష్టలు చూసి నవ్వేవాడు. పిల్లలకి అంతా తెలుసు. వాళ్ళు ఎవరికీ చెప్పలేదు. అది కూడా సహకారమే.

మూడు నెలలయ్యాక శ్యాంసుందర్ గారు గ్రాఫులతో దర్శనమిచ్చారు. హారతి తరగతి పచ్చగా ఉంది. జోన్ మొత్తంలో నూటికి నూరు హాజరు సాధించిన టీచరు ఒక్కరే, పద్మారాణి. ఆమెకి ఉత్తమ డిజిటల్ ఉపాధ్యాయిని అవార్డు. రెండు మాటలు మాట్లాడమని ఆయన పద్మారాణి పేరున్న నల్లటి గడిని కోరారు. గడి మాట్లాడలేదు. “సూడుండ్రి, ఎంత వినయమో,” అని ఆయన చప్పట్లు కొట్టించారు.

మరుసటి వారం ఉత్తర్వు వచ్చింది. ముప్పై ఒక్క మందికి ఇద్దరు టీచర్లు ఎక్కువ. ఒకరు మిగులు. సరాసరి హాజరు నూటికి సున్నా దశాంశం సున్నా నాలుగు ఉన్న హారతిని తరగతి నుంచి తప్పించి, జోనల్ ఆఫీసులో సహకార శిక్షణ విభాగానికి పంపుతున్నారు. తరగతి ఇకపై పద్మారాణిది.

హారతి మాస్కు మీద మాస్కు పెట్టుకుని స్వయంగా ఆఫీసుకి వెళ్ళింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. పద్మారాణి రిటైరైందని, సిరిసిల్లలో ఉందని, సాయంత్రం పాఠం చెప్పేది తానేనని, ఆ పిల్లలని వదిలిపెట్టలేనని చెప్పింది.

శ్యాంసుందర్ గారు ఓపిగ్గా విన్నారు.

“హారతీబేన్, మేడం రిటైరయినంక గూడ రోజూ వస్తున్నరు. గదీ డెడికేషన్. మీరు సర్వీసుల ఉండి గూడ ఏం జేసిండ్రు? జర ఆలోచించుండ్రి.”

ఛార్జి అప్పగింత కాగితం ముందుకి జరిపారు. అప్పగించినవారు అన్నచోట హారతి సంతకం చేసింది. పుచ్చుకున్నవారు అన్నచోట ఖాళీగా ఉంటే యాప్ ఒప్పుకోదని ఆయనే గుర్తుచేశారు. అక్కడా చేసింది.

ఇంటికొచ్చేసరికి సోమలింగం పలక తుడిచి సిద్ధంగా పెట్టాడు. ఏడూ ఇరవై అయిదుకి ఫోను మోగింది.

“రాసుకో బిడ్డా.”

హారతి రాసుకుంది.

సరిగ్గా ఏడున్నరకి పద్మారాణి టీచరు క్లాసుకి వచ్చారు.