శుక్రవారపు లారీలకు కృతజ్ఞతలు

వారానికి ఒక్క రోజు బడి పిల్లలను లారీలకు వదిలివేయడం మన ప్రభుత్వం చేపట్టిన కార్యాలన్నిటిలోనూ అత్యంత శాస్త్రీయమైనదని నా దృఢాభిప్రాయం. తొందరపడి నన్ను నిందించకండి. ముప్పయ్యేళ్లు భౌతికశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఆధారం లేనిదే నోరు విప్పే అలవాటు నాకు లేదు.

ఒక మందు పని చేస్తున్నదో లేదో తెలియాలంటే ఏం చేయాలి? కొందరికి ఇచ్చి, కొందరికి మాని, ఫలితం పోల్చి చూడాలి. అందరికీ ఇచ్చేస్తే మందు గొప్పదనం తేలేదెట్లా? సికిందరాబాదు నుంచి అల్వాల్ పోయే రోడ్డు మీద, మా వీధి చివర ఉన్న మిషన్ బాలికల పాఠశాల ఎదుట, సర్కారు వారు సరిగ్గా ఇదే పరీక్ష నిర్వహిస్తున్నారు. మందు పేరు వేగ నిబంధన. ఆరు రోజులు ఇస్తారు. శుక్రవారం మానేస్తారు.

ఆ శుక్రవారం ఎక్కడి నుంచి వచ్చిందంటారా? అది వెనకటి రాజ్యం వదిలిపోయిన ఆస్తి. పోలీసు చర్యకు ముందు సర్కారీ కచేరీలకు వారపు సెలవు శుక్రవారం. ఉత్తర్వు ఆ రోజుల్లో ఉర్దూలో తయారైంది. బడి ఉన్న దినాలలో, అనగా శుక్రవారం తప్ప తక్కిన ఆరు దినాలలో, ఉదయం ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర వరకు ఏ బండీ బడి ముందు గంటకు పది మైళ్లు మించరాదు. తరువాత రాజ్యం మారింది, జెండా మారింది, కచేరీల సెలవు ఆదివారానికి మారింది. ఉత్తర్వును ఇంగ్లీషులోకి తిరగరాసిన గుమాస్తా మాత్రం నిష్ఠాపరుడు. అక్షరం పొల్లుపోనివ్వలేదు! మిషన్ బడికి పుట్టినప్పటి నుంచీ ఆదివారమే సెలవన్న సంగతి ఆ ఉత్తర్వుకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

కనుక ఆదివారం ఉదయం, తాళం వేసిన బడి గేటు ముందు, చట్టం అమలయ్యే తీరు చూసి తీరవలసిందే. కానిస్టేబుల్ రాములు ఫర్లాంగు రాయి దగ్గర తెల్ల రుమాలు ఎత్తి పట్టుకుంటాడు. బండి రాయి దాటగానే రుమాలు దించుతాడు. ఇవతల గేటు దగ్గర కానిస్టేబుల్ జంగయ్య స్టాప్‌వాచ్ నొక్కుతాడు. ఫర్లాంగు దూరం నలభై అయిదు సెకన్లకు ముందే దాటితే పది మైళ్లు మించినట్టు. లెక్క నేను సరిచూశాను, తప్పు లేదు. బడి ఉన్న రోజుల్లో పిల్లలు అడ్డం వచ్చి రుమాలు కనబడదట! ఆదివారం ఆ ఇబ్బంది లేదు. మొన్న జూన్‌లో ఆరాధనకు ఆలస్యమైన పాస్టరు ప్రభుదాస్ గారు, సైకిలు మీద పల్లంలో జారుతూ నలభై మూడు సెకన్లలో వచ్చి పట్టుబడ్డారు. అరవై ఎనిమిదేళ్ల ఆ పెద్దమనిషి వల్ల, అక్కడ లేని పిల్లలకు కలగబోయిన అపాయం ఆ విధంగా తప్పిపోయింది.

తక్కిన రోజుల్లో వాచీతో నిమిత్తం లేదు. జంగయ్య ఖాకీ చొక్కా కనబడితే చాలు, కాప్రా వైపు నుంచి రాళ్లు తెచ్చే లారీలు ఎద్దుబండి కన్నా వినయంగా నడుస్తాయి. శుక్రవారం ఖాకీ ఉండదు. డ్రైవర్లు ఉత్తర్వును మనకన్నా శ్రద్ధగా చదువుకున్నవారు. వారమంతా పోగొట్టుకున్న నిమిషాలను ఆ ఒక్క ఉదయమే రాబట్టుకుంటారు.

చిన్న తరగతుల పిల్లలను రోడ్డు దాటించడం బడి ఆయా మార్త పని. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. చేదతాడుకు ముప్పై రెండు ముడులు వేసి, ముడికొక పిల్లను పట్టుకోమని, ముందు కొస తాను పట్టుకుని నడుస్తుంది. సైన్సు చదవని మనిషి కనుక శుక్రవారం కూడా దాటించేది.

జూలై మొదటి శుక్రవారం ముందు ముడులు అవతలి గట్టు చేరాయి, చివరి ముడులు ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి. మలుపు తిరిగిన లారీ హారన్ మోగించింది గాని బ్రేకు వేయలేదు. మార్త వెనక్కు పరుగెత్తి చివరి ఇద్దరు పిల్లలను గుంటలోకి తోసింది. వాళ్లకు మోకాళ్లు గీసుకుపోయాయి. చక్రం మార్త కుడిపాదం మీదుగా పోయింది. లారీ ఆగలేదు. అది ఆగవలసిన రోజు కాదు కదా!

ప్రధానోపాధ్యాయిని మేబెల్ గారితో కలిసి నేనూ ఆసుపత్రికి వెళ్లాను. మార్త కాలి మాట ఎత్తలేదు.

“తాడు పట్టుకున్నోళ్లంతా ఉన్నారా అండీ?” అని అడిగింది. ఉన్నారని చెప్పాం. “మళ్లీ శుక్రవారం ఎవరు దాటిస్తారండీ?” అంది.

ఇప్పుడు పరీక్షా ఫలితం చూడండి. మందు ఇచ్చిన రోజుల్లో దెబ్బ తిన్నవారు సున్న. ఇవ్వని రోజున, గీసుకుపోయిన మోకాళ్లను వదిలేసినా, ఒకరు. ఇంత స్వచ్ఛమైన ఫలితం నా ప్రయోగశాలలో ఎన్నడూ రాలేదు! మందు పని చేస్తున్నదని తేలింది గనుక ఇక ఏడు రోజులూ ఇమ్మని మేబెల్ గారు అర్జీ పెట్టుకున్నారు. పదిహేను రోజులకు జవాబు వచ్చింది. శుక్రవారం సెలవు దినం గనుక ఆనాడు బడి పిల్లలు రోడ్డుపై ఉండుటకు అవకాశం లేదట. ఒకవేళ ఉన్నట్లయితే, సెలవునాడు బడి నడిపిన కారణాన్ని పాఠశాల వారే వివరించుకోవలెనట. ఈ తర్కంలో లోపం చూపగలవారెవరు? కాలు విరిగింది నిజమే, కాని ఉత్తర్వు ప్రకారం విరగడానికి వీల్లేదు.

జంగయ్యను పట్టుకుని, మామూలు బట్టల్లోనైనా వచ్చి నిలబడరాదా అని అడిగాను. అతనికీ ఆ బడిలో కూతురున్నది.

“నాకెరుక లేదా సార్,” అన్నాడు. “ఆర్డర్ల లేని రోజు నేను చెయ్యెత్తితే లారీ ఆగుతది, నా నౌకరి సుత ఆగుతది.”

అందువల్ల మరుసటి శుక్రవారం ఎనిమిదిన్నరకు నేనే రోడ్డు మధ్య నిలబడి రెండు చేతులూ చాచాను. వరుసగా నాలుగు లారీలు ఆగాయి. మొదటి డ్రైవరు తల బయటపెట్టి, “ఏందయ్యా ముసలాయనా, సావనీకి నా లారే దొరికిందా?” అని పరామర్శించాడు. తక్కినవారి పరామర్శలు అచ్చుకు పనికిరావు. పిల్లలు దాటారు. సాయంత్రానికి రాళ్ల కాంట్రాక్టరు నా మీద ఫిర్యాదు చేశాడు.

సర్కారు ఎంత చురుకైనదో అప్పుడు తెలిసింది. అర్జీకి పదిహేను రోజులు పట్టింది, ఫిర్యాదుకు ఒక్క వారం కూడా పట్టలేదు! ఆ తరువాతి శుక్రవారమే నన్ను పట్టుకోవడానికి జంగయ్యకు ప్రత్యేక డ్యూటీ వేశారు. అతను ఖాకీలో గేటు దగ్గర నిలబడ్డాడు. లారీలు అతన్ని చూసి వినయం తెచ్చుకున్నాయి. చివరి పిల్ల దాటేదాకా ఆగి, అప్పుడు వచ్చి నా చేయి పట్టుకున్నాడు.

రహదారిపై వాహనాలకు అడ్డు నిలవడం నా నేరం. ఆ సెక్షనుకు సెలవు దినాలు లేవు. మేజిస్ట్రేటు గారి ఎదుట నేరం ఒప్పుకున్నాను. అబద్ధమాడే అలవాటు లేదు గనుక మళ్లీ శుక్రవారం కూడా చేయబోతున్నానని మనవి చేశాను. వారు ఆగ్రహించి, ఈ మనిషి దారికి వచ్చేదాకా ప్రతి శుక్రవారం అక్కడ కాపలా ఉంచమన్నారు. ముప్పై రెండు మంది పిల్లల కోసం దొరకని కానిస్టేబులు ఒక్క ముసలివాడి కోసం దొరికాడు.

ఇప్పటికి నాలుగు శుక్రవారాలు గడిచాయి. నేను నిలబడతాను, జంగయ్య వస్తాడు, లారీలు నెమ్మదిస్తాయి, పిల్లలు దాటుతారు. తరువాత నన్ను తీసుకుపోతారు.

పోయిన బుధవారం నాకు చలిజ్వరం పట్టుకుంది. మంచం దిగవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ వార్త ఎట్లా చేరిందో, గురువారం మధ్యాహ్నం జంగయ్య మా ఇంటికి వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని గడపలోనే నిలబడ్డాడు.

“రేపు జెర ఎట్లనన్న ఒచ్చి నిలబడుండ్రి సార్,” అన్నాడు. “మీరు తప్పు చేయకుంటే నాకు ఆడ డ్యూటీ ఎయ్యరు.”

దుప్పటి కప్పుకుని వెళ్లి నేరం చేసి వచ్చాను.