బీపీ వచ్చిందని కబురు

ఉదయం తొమ్మిదికి నర్సు మాధురి పెడనలోని కలంకారీ అద్దకం షెడ్డుకు వచ్చి అందరికీ బీపీ చూస్తుందని తెలిసిన దగ్గర్నుంచి చంద్రమౌళి కాలు ఒకచోట నిలవలేదు. మూడు నెలలుగా అతని భార్య నాగరత్నం నాగాయలంకలో పుట్టింట్లో ఉంది. కాలు విరిగిన తల్లికి సాయంగా వెళ్ళింది. తల్లి కాలు ఎప్పుడో అతుక్కుంది, నాగరత్నం మాత్రం రాలేదు. "వచ్చెయ్" అని ఒక్క మాటంటే వచ్చేసేదేమో. ముప్ఫై ఏళ్ళ కాపురంలో అలాంటి మాట అతని నోట ఎప్పుడూ రాలేదు. రోజూ ఫోన్లో "తిన్నావా?" అని ఇతను, "తిన్నాను, మీరో?" అని ఆవిడ, అక్కడితో సరి. ఫోన్ పెట్టేశాక ఆ ఖాళీ ఇల్లు అతన్ని పీక్కుతినేది. బోర్లించి ఉన్న రెండో కంచాన్ని చూడలేక తీసి అటకెక్కించాడు.

ఒంట్లో బాగాలేదని తెలిస్తే ఆవిడే పరుగెత్తుకొస్తుంది. అదీ ప్లాను.

మాధురి వచ్చేసరికి చంద్రమౌళి రెండు టీలు తాగి, గంటసేపు ఆగకుండా అచ్చులేశాడు. చెక్క అచ్చును గుడ్డ మీద పెట్టి పిడికిలితో దబదబా గుద్దే పని అది. చెమటలు కక్కుతూ తిన్నగా వెళ్ళి ఆమె ముందు కుర్చీలో కూలబడ్డాడు. మిషను నూట అరవై నాలుగు బై నూట రెండు చూపించింది.

"ఓ పది నిమిషాలు ఊరికే కూర్చోండి బాబాయ్. మళ్ళీ చూస్తాను."

"ఒకసారి చాలమ్మా. చీటీ మీద రాసియ్యి."

"అలా కాదండీ, పని మీంచి లేచి వస్తే..."

"రాసియ్యమ్మా, నీకు పుణ్యముంటుంది!"

బీపీ వచ్చినందుకు అంతగా సంబరపడిన మనిషిని మాధురి తన ఉద్యోగంలో చూడలేదు.

కబురు చెప్పే పని పక్క బల్ల శ్రీహరి నెత్తిన వేసుకున్నాడు. నాగాయలంకలో ఫోనెత్తింది నాగరత్నం తమ్ముడు నాని.

"బీపీ ఎందుకొచ్చిందంట?" అన్నాడు నాని.

మాధురి షెడ్డులో చెప్పినదంతా శ్రీహరి శ్రద్ధగా విన్నాడు. విన్నది విన్నట్టు అప్పజెప్పాడు. "రెండు రకాలంట నానీ. చాలామందికి ఇదీ కారణమని ఉండదంట. వయసు, ఉప్పు, ఒళ్ళు, వంశం అన్నీ కలిసి వస్తుందంట. రెండోది ఇంకో జబ్బు మూలంగా వస్తుందంట. కిడ్నీలు పాడైనా వస్తుందంట."

"మరి బావది ఏ రకం?"

"టెస్టులు చేస్తే గానీ తెలీదంట."

నాని రొయ్యల చెరువు గట్టు దిగి ఇంటికెళ్ళేసరికి అది కిడ్నీల టెస్టు అయింది. తల్లి ఆనందమ్మ నోట పడేసరికి రెండు కిడ్నీలూ పోయాయి. అరగంటలో ముగ్గురితో కారు బయల్దేరింది.

చంద్రమౌళికి ఇదేమీ తెలియదు. ఆవిడ సాయంత్రం బస్సుకి వస్తుందనుకుని, గడ్డం గీయించుకుని, పెడన మల్లెలు ఆవిడ కంటికి ఆననట్టు మల్లెపూల కోసం బందరు వెళ్ళాడు. ఆ హడావుడిలో ఫోను ఇంట్లో మరిచిపోయాడు. కారు వచ్చి ఆగేసరికి తలుపుకి తాళం వేసి ఉంది.

"బాబాయిగారు బందరు వెళ్ళారండీ," అంది పక్కింటి ప్రియాంక.

"ఒక్కరే వెళ్ళారా ఆసుపత్రికి!" అంటూ నాగరత్నం గుమ్మంలోనే చతికిలబడింది.

బందరులో రెండు ఆసుపత్రులు గాలించి మూడోదాని ముందు నాని కారు ఆపాడు. పూల పొట్లంతో బస్టాండుకి నడుస్తున్న చంద్రమౌళికి ఆ కారు కనబడింది. నాగరత్నానికే ఏదో అయిందనుకున్నాడు. లోపలికి పరుగెత్తితే, ఆవిడ కౌంటరు దగ్గర నిలబడి "చంద్రమౌళిగారనీ, కిడ్నీలు పోయిన ఆయన, ఇక్కడికొచ్చారా?" అని ఏడుస్తూ అడుగుతోంది.

డాక్టర్ గీతాంజలి మిగతావాళ్ళని బయటికి పంపి, అతన్ని కాసేపు నిమ్మళంగా కూర్చోబెట్టి, ఒక చేతికి బీపీ పట్టీ చుట్టింది. నాగరత్నం అతని రెండో చెయ్యి వదల్లేదు. మూడు నెలల తర్వాత దొరికిన చెయ్యి అది. చంద్రమౌళి కళ్ళు మూసుకున్నాడు. అలాగే ఉండిపోవాలనిపించింది. నూట ఇరవై రెండు బై ఎనభై.

"మీకు బీపీ లేదండీ. పొద్దున టీ తాగి, పని మీంచి లేచి చూపించుకున్నారా?"

చంద్రమౌళి తల దించుకున్నాడు. నాగరత్నానికి అంతా అర్థమైంది.

"దారి పొడుగునా నన్ను చంపేశారు కదండీ! రమ్మంటే రానా?"

"రమ్మనడం చేతకాలేదు నాగూ. నువ్వు లేని ఇంట్లో అడుగు పెట్టబుద్ధి కావట్లేదు."

తిట్టబోయిన నాగరత్నం అతని చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. "మీరు రమ్మంటారేమోననే అక్కడ కూర్చున్నాను," అంది.

డాక్టరు ఆవిడ మొహంలోకి తేరిపార చూసింది. "అమ్మా, మీ చెయ్యి ఇటివ్వండి."

నూట డెబ్భై ఆరు బై నూట నాలుగు. పావుగంట కూర్చోబెట్టి చూసినా నూట డెబ్భై దిగలేదు. తలనొప్పి రెండు నెలల్నుంచీ వస్తోందని, ఎవరికీ చెప్పలేదని అప్పుడు బయటపడింది. వారంపాటు రోజూ వచ్చి చూపించుకోవాలి, దూర ప్రయాణాలు వద్దు, ఎండుచేపలూ పచ్చళ్ళూ కట్టిపెట్టాలి అంది డాక్టరు. చంద్రమౌళి మందుల చీటీని రెండు చేతులతో అందుకున్నాడు.

నాగరత్నం పెడనలోనే ఉండిపోయింది. తిరుగు ప్రయాణంలో కారెక్కుతూ ఆనందమ్మ మాత్రం, "బీపీ ఉన్న ఇంట్లో ఇదెందుకు అల్లుడుగారూ," అని అల్లుడి కోసం తెచ్చిన కొత్తావకాయ జాడీని తిరిగి తన ఒళ్ళో పెట్టుకుంది.