కదలని కారుకు పదికి పది

సంసారి అన్నవాడు ఎన్నడూ చేయకూడని పొరపాటు ఒక్కటే ఉంది. చెడిపోని కారు కొనుక్కోవడం!

అలా కనుబొమలు ఎగరేయకండి. నేను గాలి కబుర్లు చెప్పడం లేదు. కార్ల సంగతులు రాసే పత్రిక ఒకటి ఈమధ్య రెండు రకాల ర్యాంకులు ఇచ్చింది. ఏ కారు ఎంత నమ్మకంగా నడుస్తుందన్నది ఒకటి. ఆ కారు కొన్నవాళ్ళు ఎంత సంతోషంగా ఉన్నారన్నది రెండోది. నమ్మకంలో నా ఎలక్ట్రిక్ కారు అట్టడుగున ఉంది. దాని కింద ఇక పేజీ నంబరే! సంతోషంలో మాత్రం అన్నిటికన్నా పైకెక్కి కూర్చుంది.

లోకం ముక్కున వేలేసుకుంది. రోజూ మొరాయించే బండిని చూసి యజమాని మురిసిపోవడమేమిటి? నిపుణులు తలలు పట్టుకున్నారట. నన్నడిగితే ఒక్క ముక్కలో తేల్చేసేవాణ్ణి. అయ్యా, మురిసిపోతున్నది మొరాయిస్తున్నందుకే!

ముందు మా పక్కింటి డ్రిల్లు మాస్టారి సంగతి వినండి. రిటైరయ్యారు గానీ మెడలో ఈల మాత్రం ఇంకా తీయలేదు. ఆయనకో పాత పెట్రోలు కారుంది. దాని అసలు రంగేమిటో ఆయనకే గుర్తు లేదు. తాళం తిప్పితే స్టార్టవుతుంది. వెళ్ళమన్నచోటికి వెళుతుంది. మళ్ళీ ఇంటికి తీసుకొస్తుంది. అంతకు మించి దానికేమీ చేతకాదు.

మరి మాస్టారు సంతోషంగా ఉన్నారా? ససేమిరా! "దరిద్రపు బండండీ! అద్దం దింపితే కీచుమంటుంది. వెనక సీట్లో స్ప్రింగు గుచ్చుకుంటుంది" అని పొద్దున్నే గేటు దగ్గర మొదలుపెడతారు. ఎందుకు మొదలుపెట్టరు? కారు వెళుతుంది కాబట్టి ఆయనా వెళ్ళాల్సిందే. భార్యతో బట్టల కొట్టుకి, మనవరాలితో ఈత క్లాసుకి, తోడల్లుడి నడుంనొప్పి పరామర్శకి. వంక చెప్పి తప్పించుకోవడానికి ఆ కారు ఒక్క అవకాశం ఇవ్వదు. అలాంటి బండి ఉన్నవాడికి తృప్తి ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి?

ఇప్పుడు నా కారు దగ్గరికి రండి. దాని తలుపు పిడులు లోపలికి ముడుచుకుని ఉంటాయి. యజమాని దగ్గరికి రాగానే మర్యాదగా బయటికి రావాలి. రావు. దయ తలిస్తే ఒకటి వస్తుంది, అదీ వెనక తలుపుది. అందుకని నేను వెనకనుంచి ఎక్కి, రెండు సీట్ల మధ్యనుంచి ముందుకు దూరి, స్టీరింగు పట్టుకుంటున్నాను. వ్యాయామం చెయ్యవయ్యా అని డాక్టరు ఎంత పోరినా వంగని నడుం ఇప్పుడు ఎటు కావాలంటే అటు తిరుగుతోంది! ఏ పెట్రోలు కారు ఇచ్చిందండీ ఈ ఆరోగ్యం?

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఏసీలోంచి వేడిగాలి మొదలైంది. ఆపుదామంటే మీట ఎక్కడుంది? అన్నీ తెరలోనే, తెరేమో నల్లబడి కూర్చుంది. నేనూ మా ఆవిడా ఉడికిపోయాం. చివరికి కారు దిగి రోడ్డు మీద నిలబడితే, ఆహా! ఆ మిట్టమధ్యాహ్నపు ఎండ ఎంత చల్లగా ఉందనుకున్నారు! అక్కణ్ణుంచి ఇంటిదాకా నడిచే వచ్చాం. పెళ్ళయిన కొత్తలో కూడా మేమిద్దరం అంత దూరం కలిసి నడవలేదు. దారి పొడుగునా ఆవిడ మాట్లాడుతూనే ఉంది. ఏం మాట్లాడిందన్నది ఇక్కడ అప్రస్తుతం.

ఇక సర్వీస్ సెంటరు గురించి చెప్పకపోతే కళ్ళు పోతాయి. మెత్తటి సోఫా, కాఫీ మెషీను, చల్లటి గది! అడుగు పెట్టగానే "రండి సర్, కూర్చోండి సర్" అంటారు. ఇంట్లో నన్ను సర్ అనేదెవరు? కొత్తల్లుడికి కూడా రెండో రాకతో మర్యాద తగ్గుతుంది. నాకక్కడ వెళ్ళినకొద్దీ పెరుగుతోంది. నా కాఫీలో చక్కెర ఎంతో వాళ్ళకి తెలుసు. మీరు చదువుతున్న ఈ కాలమ్‌లో సగం ఆ సోఫాలో పుట్టిందే.

వచ్చేటప్పుడు మేనేజరు గుమ్మందాకా సాగనంపి, చేతులు నలుపుకుంటాడు. "సర్, కంపెనీ నుంచి ఫోనొస్తుంది. పదికి పది ఇవ్వండి సర్. తొమ్మిదిచ్చినా మా దగ్గర ఫెయిలే!"

నేనెప్పుడూ పదే ఇచ్చాను. మొహమాటం కొద్దీ కాదు సుమా! ముచ్చటపడి కొన్నాను, వీధంతా తిప్పి చూపించాను, ఎదురుపడ్డ బంధువునల్లా ఆపి పొగలేని జీవితం గురించి ఉపన్యాసాలిచ్చాను. ఇప్పుడు నాలుగో ఐదో అంటే నవ్విపోరూ? ముక్కు కోసుకుంటే దేవుడు కనిపిస్తాడని ఊరందరికీ చెప్పిన ముక్కిడివాడి కథ మీకు తెలిసే ఉంటుంది. నాకూ తెలుసు. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు!

నా ఉపన్యాసాలు చెవిన వేసుకున్న పుణ్యాత్ముడు లోకంలో ఒకే ఒక్కడు, మా బావమరిది. రెండు వీధుల అవతల ఉంటాడు, కళ్ళజోళ్ళ షాపు వాడిది. వాడి భార్యకి నెలలు నిండాయి. నాకు చెల్లెలి వరస. బిడ్డ వచ్చేలోగా కారు కొనాలని వాడి ఆరాటం. ఆ పత్రిక పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"బావగారూ, నిజం చెప్పండి. నమ్మకంలో ఆఖరట, సంతోషంలో మొదలట. నేను దేన్ని నమ్మాలి?"

"సంతోషాన్ని నమ్ము" అన్నాను.

"ఆసుపత్రి ఊరికి ఆ చివరుంది. నొప్పులొచ్చినప్పుడు..."

"అందాకా నా బండి లేదట్రా? ఒక్క కేకెయ్యి, చాలు. చెల్లెమ్మ ఒళ్ళో గిన్నె పెట్టుకున్నా నీళ్ళు తొణకవు. ఎక్కి చూసి ఆ తర్వాతే నువ్వు బుక్ చేసుకో!"

వంటింట్లో ఏదో గిన్నె ధడాలున పడింది. పడిందో, మా ఆవిడ పడేసిందో నేను వెళ్ళి చూడలేదు.

వారం తిరక్కుండానే ఆ ముహూర్తం వచ్చింది. మొగుడూపెళ్ళాలిద్దరూ మా ఇంటికి భోజనానికొచ్చారు. చేతులు కడుక్కుంటుండగా చెల్లెమ్మ గోడ పట్టుకుని, "వదినా!" అంది. అంతే, ఇంట్లో గందరగోళం! బావమరిది అంబులెన్స్‌కి ఫోన్ చేస్తే బండి ట్రాఫిక్‌లో ఉందన్నారు. "అంబులెన్సెందుకురా? నేను లేనూ?" అంటూ పరిగెత్తాను. దేవుడి దయ! వెనక తలుపు పిడి బయటికొచ్చింది. దూరాను, ముందుకు పాకాను, బటన్ నొక్కాను.

తెర మీద అక్షరాలు వెలిగాయి. 'సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అవుతోంది. పూర్తయ్యేవరకు వాహనాన్ని కదపరాదు. మీ ఓర్పుకు ధన్యవాదాలు.'

గేటు దగ్గర మా ఆవిడ భుజాన్ని గట్టిగా పట్టుకుని చెల్లెమ్మ నిలబడి ఉంది. పెదవి కొరుక్కుంటోంది. బావమరిది ఒకసారి భార్య వైపు, ఒకసారి నా వైపు చూస్తున్నాడు. "అయిపోవచ్చిందిరా!" అని లోపల్నుంచి అరిచాను. అయిపోలేదు. నవ్వులాటగా రాస్తున్నాను గానీ, ఆ క్షణాన నాకు నిజంగా భయం వేసింది. నన్ను నమ్మిన పాపానికి ఆ పిల్లకి ఏమైనా అయితే? అప్‌డేట్ ఎంతవరకు వచ్చిందో తెర మీద చూపే గీత అంగుళం కూడా జరగలేదు.

అంతలో ఈల మోగింది!

డ్రిల్లు మాస్టారు. అప్పటికే కారు రివర్సు చేసి మా గేటుకి అడ్డంగా తెచ్చి పెట్టారు. "చూస్తూ నిలబడతారేమిటండీ? ఎక్కండి! జాగ్రత్తమ్మా, ఇటు పక్కకి కూర్చో, అటు స్ప్రింగు గుచ్చుకుంటుంది. దరిద్రపు బండి!"

నేను ముందు కూర్చున్నాను. వెనక చెల్లెమ్మకి అటొకరు ఇటొకరుగా అక్కాతమ్ముళ్ళు. సందుల్లోంచి, గతుకుల్లోంచి కారు దూసుకుపోతోంది. నా ఫోన్ మోగింది. కుదుపుల్లో చెవి దగ్గర నిలవక స్పీకరు నొక్కాను.

"నమస్కారం సర్! మీ ఎలక్ట్రిక్ కారు గురించి రెండే రెండు ప్రశ్నలు. మీ సంతోషానికి పదికి ఎన్ని మార్కులిస్తారు?"

మాస్టారు హారను మీంచి చెయ్యి తీశారు. నొప్పులు కూడా కాసేపు ఆగాయి. మూడు అందామనుకున్నాను. పక్కన మాస్టారు వింటున్నారు. వెనక బావమరిది వింటున్నాడు. నోరు ఊరుకుంటుందా? అలవాటైన నోరాయె!

"పది" అన్నాను.

"థాంక్యూ సర్! మీ బంధుమిత్రుల్ని కొనమనడానికి పదికి ఎన్ని ఇస్తారు?"

ముందున్న అద్దంలో బావమరిది కళ్ళు నన్నే చూస్తున్నాయి. ఇంతలో మా ఆవిడ సీట్ల మధ్యనుంచి తల ముందుకు పెట్టింది. "అమ్మాయ్! ఆ కారు ఇప్పుడెక్కడుందో అడుగమ్మా ముందు!"

అవతలి పిల్ల కాస్త తడబడింది. "ఆ ప్రశ్న మా దగ్గర లేదు మేడమ్."

చెల్లెమ్మ ఫక్కున నవ్వింది. నవ్వు సగంలోనే కెవ్వుమంది. మాస్టారు ఈల నోట్లో పెట్టుకుని, ఈలా హారనూ కలిపి మోగిస్తూ లారీని దాటేశారు. నేను ఆ పిల్లకి మళ్ళీ పదే ఇచ్చి ఫోన్ పెట్టేసి, వెనక్కి తిరిగాను.

"ఒరేయ్, నాలాంటి కారు మాత్రం కొనకు. ఈ బండి ఎప్పుడు అమ్ముతారో మాస్టారిని అడుగు."

"ఈ డబ్బానా? ఊరికే ఇచ్చినా ఎవడు తీసుకుంటాడండీ!" అంటూ మాస్టారు గేరు మార్చారు.

ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. ఆసుపత్రి వరండాలో మాస్టారు ఒకటే గొణుగుడు. దారిలో కారు ఎక్కడా ఆగలేదన్న మాట తప్ప మిగతా లోపాలన్నీ చెప్పుకొచ్చారు.

బావమరిది ఆ పెట్రోలు కారునే తీసుకున్నాడు. అంతటితో ఆగక, ఆసుపత్రికి దగ్గరగా ఉంటుందని ఊరికి ఆ చివరికి మకాం కూడా మార్చేశాడు. ఇప్పుడు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే ఏడుపు. "బావగారూ, అద్దం దింపితే కీచుమంటోంది. ఏం బండండీ ఇది!" పాపం, ఆ సీట్లో కూర్చున్నవాళ్ళకి సంతోషం రాసిపెట్టి లేదు.

మరి మాస్టారు? అచ్చం నాలాంటి కారే కొన్నారు! నేను ఉలిక్కిపడి, ఎందుకండీ అంటే, "ఎందుకేమిటి? మీరు పదికి పది ఇవ్వడం నా చెవులారా విన్నాను కదండీ" అన్నారు. ఇన్నేళ్ళ పక్కింటివాణ్ణి, ఆయన నవ్వగా మొదటిసారి చూశాను. ఇప్పుడు పొద్దున్నే మేమిద్దరం కలిసి బస్టాపుకి నడుస్తున్నాం. తోడల్లుడి ఇంటికి వెళ్ళడం మానేశారు. ఒంట్లో బరువు తగ్గింది. సర్వీస్ సెంటరులో మా సోఫాలు పక్కపక్కనే. మొన్న ఆయనకీ ఫోనొచ్చింది. పది ఇచ్చారు.

చూశారా! సంతోషం ఎలా పాకుతుందో! మా వీధిలో ఇప్పుడు అసంతృప్తి అన్న మాటే వినపడదు.

ఒక్కటే చిన్న దిగులు. నిన్న మధ్యాహ్నం మా ఆవిడకి కళ్ళు తిరిగాయి. కంగారేం లేదు, కాసిన్ని మంచినీళ్ళు తాగి లేచి కూర్చుంది. కానీ ఈలోగా నేను గేటుదాకా పరిగెత్తి, అలవాటు కొద్దీ పక్కింటి వైపు చూశాను. మాస్టారు కొత్త కారులో ముందు సీట్లోకి సగం దూరి ఉన్నారు. తెర మీద గీత వెలుగుతోంది. నన్ను చూసి, "అప్‌డేట్ అండీ!" అన్నారు సంతోషంగా.

కాబట్టి పాఠక మహాశయులారా, చిన్న మనవి. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి తన కారును తిట్టుకునే మనిషి మీ వీధిలో ఇంకా ఎవరైనా మిగిలి ఉన్నారా? ఉంటే ఆయన పక్క వాటా ఖాళీ అయినప్పుడు దయచేసి కబురు పెట్టండి. మా ఆవిడ ఇల్లు మారదామంటోంది.