ఖాళీ సంచీ ఇవ్వకూడదు

ఆ గురువారం ఎపాంగ్ అనుకున్న పని చాలా చిన్నది. పొద్దున్నే ఇంత అన్నం, వేయించిన గుడ్డు తిని, నలభై సంచులు నాలుగు అట్టపెట్టెల్లో సర్ది, పదింటికి వచ్చే లారీ ఎక్కించాలి. మధ్యాహ్నం రెండింటికి లెగాస్పి రేవులో గేటు మూస్తారు. అరటి జాతి అబాకా చెట్టు నారతో ఊళ్లో ఆరుగురు ఆడవాళ్లు నాలుగు నెలలు కూర్చుని అల్లిన సంచులవి. జపాన్ నుంచి వచ్చిన మొదటి ఆర్డరు. ఈ ఓడ తప్పితే మళ్లీ అడగనని కొనేవాడు ముందే రాశాడు.

ఏడింటికి సెవెరీనో దిగాడు. చిన్న వ్యాపారుల సరుకు విదేశాలకు వెళ్లడానికి సాయం చేయమని సర్కారు పెట్టిన ప్రాంతీయ ఆఫీసుకు అతనే అధికారి. మూడేళ్లలో ఎపాంగ్‌కు అతను చేసిన సాయం ఏడు శిక్షణ సర్టిఫికెట్లు, ఒక కుట్టు మిషను. అది తోలు కుట్టే మిషను. ఊళ్లో తోలు లేదు. కవరైనా విప్పని ఆ మిషను కింద కోడి రెండుసార్లు పిల్లల్ని చేసింది.

"అక్కా, మనీలా నుంచి తనిఖీవాళ్లు తొమ్మిదింటికి వస్తున్నారు. మన సాయం ఎంతవరకు పనిచేసిందో చూసి మార్కులేస్తారు. ఊరి హాల్లో చూపించడానికి ఒక్క వస్తువు లేదు."

"మూడేళ్లు ఏం చేశావు మరి?"

"ఫ్లెక్సీ కొట్టించాం కదా. ఒక్క అరగంట నీ సంచులు బల్లల మీద పెడదాం. పదింటికి నీ సరుకు నీకిచ్చేస్తా."

"చస్తే ఇవ్వను."

సెవెరీనో నొచ్చుకోలేదు. "నీ ఎగుమతి కాగితం మీద నా ముద్ర ఇంకా పడలేదు కదక్కా," అన్నాడు మెల్లగా.

ఎపాంగ్ అతని ఏడు తరాలనూ తలుచుకుంటూ పెట్టెలు తోపుడుబండి మీదికి ఎక్కించింది.

తనిఖీవాళ్లు ఆరుగురు తొమ్మిదిన్నరకు వచ్చారు. పెద్దావిడ మేడమ్ లుసెర్నా ఒక సంచీ తీసి భుజానికి తగిలించుకుని, "ఎంత బాగుందో," అంది. ఆ ఒక్క మాటతో కొంప మునిగింది. అతిథులకు కానుకలుగా ఇద్దామని తన బొమ్మతో చేయించిన కప్పులు ఇంకా రాలేదని సెవెరీనోకు అప్పుడే గుర్తొచ్చింది. వచ్చినవాళ్లను వట్టి చేతులతో పంపితే ఊళ్లో ఏడాదిపాటు తలెత్తుకు తిరగలేడు.

"ఉంచుకోండి మేడమ్, మా ఊరి గుర్తుగా."

అతిథి భుజం మీది నుంచి సంచీ లాక్కునే పెంపకం కాదు ఎపాంగ్‌ది. పళ్లు బిగించింది. ఒకరికి ఇచ్చి అయిదుగురికి ఎగ్గొట్టడం బాగుండదు గనక సెవెరీనో మిగతా అయిదుగురికీ ఇచ్చాడు. వాళ్లకిచ్చి తమకివ్వకపోవడం ఏమిటని ఫలహారానికి వచ్చిన తొమ్మిదిమంది కౌన్సిలర్లు చూశారు. తర్వాత స్వాగతం పాడిన చర్చి పాటగాళ్లు పదహారుమంది, బ్యాండువాళ్లు ఆరుగురు, వ్యాన్ల డ్రైవర్లు ముగ్గురు. బల్లలు ఖాళీ అయ్యాయి.

పైగా ఆ ఊరి నమ్మకం ప్రకారం ఖాళీ సంచీ ఇస్తే ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ దరిద్రమే. తలా ఒక నాణెం వేస్తే సరిపోయేది. కానీ సెవెరీనో బావమరిదికి పక్కనే ఎండుచేపల కొట్టుంది. సంచీకి ఒక కట్ట చొప్పున పడింది.

ఎపాంగ్ అతని చొక్కా పట్టుకుని గుంజింది. "అవి అమ్ముడుపోయిన సంచులురా, దిక్కుమాలినోడా."

"అతిథుల ముందు గొడవెందుకక్కా. నవ్వు, ఫోటో తీస్తున్నారు."

నవ్వింది. కరవబోయే కుక్క నవ్వు అది.

మేడమ్ లుసెర్నా కాగితం తీసి ఆఖరి ప్రశ్న అడిగింది. "ఈ ఆఫీసు సాయంతో మీ సరుకు ఊరు దాటిందా?"

"ఇప్పుడే దాటుతోంది మేడమ్," అంది ఎపాంగ్, అందరి భుజాల మీది సంచులు చూస్తూ.

మేడమ్ టిక్కు పెట్టుకుంది.

వచ్చినవాళ్లను వంతెన దాకా బ్యాండుతో సాగనంపడం ఆనవాయితీ. అందరూ సంచులు తగిలించుకుని బయల్దేరారు. అప్పుడే లారీ వచ్చింది. డ్రైవర్ ఉండోయ్ తల బయటపెట్టాడు.

"పిన్నీ, పెట్టెలేవి?"

"పెట్టెలున్నాయి. లోపలే ఏమీ లేవు." ఎపాంగ్ ఖాళీ పెట్టెలు లారీలో పడేసి, ఎక్కి అతని పక్కన కూర్చుంది. "పక్క సందులోంచి వెళ్లి ఆ వ్యాన్లకు అడ్డం పెట్టు."

"సర్కారు బండ్లు పిన్నీ."

"సర్కారు మూడేళ్లు నాకు అడ్డం పెట్టింది. నువ్వు మూడు నిమిషాలు పెట్టలేవా?"

వంతెన మీద లారీ అడ్డంగా ఆగింది. బ్యాండు ఆగింది. ఎపాంగ్ దిగింది.

"అక్కకు ఎండదెబ్బ తగిలింది మేడమ్," అన్నాడు సెవెరీనో.

"నోర్ముయ్. మేడమ్, మీ భుజాన ఉన్నది జపాన్ వెళ్లాల్సిన సంచీ. నాలుగు నెలలు అల్లి మా వేళ్లు చీరుకుపోయాయి. ఈయన ఒక్కనాడు రేవుకు బండి పెట్టలేదు, కొనేవాణ్ని చూపించలేదు. ఏడు కాగితాలిచ్చాడు. ఇవాళ ఉన్న సరుకు కూడా పంచిపెట్టాడు. సాయానికి మార్కులేస్తారట కదా, ఇదిగో, వెయ్యండి."

వ్యాన్లో కూర్చున్న మేడమ్ లుసెర్నా సంచీలోని చేపలు ఒళ్లో కుమ్మరించుకుని, సంచీ ఎపాంగ్ చేతికిచ్చింది. వెనకాల ఒక్కొక్కటే వచ్చాయి. పాటగాళ్ల పెద్ద తన సంచీని వీపు వెనక దాచాడు. ఎపాంగ్ ఊరికే చూసింది. ఇచ్చేశాడు. నలభై.

ఎగుమతి కాగితం తీసి లారీ బానెట్ మీద పరిచింది. "ముద్ర."

"ఆఫీసులో…"

"జేబులో ఉంది. నాకు తెలుసు."

ముద్ర పడింది.

సంచులన్నీ చేపల కంపు. పెట్టెల్లో పెడితే మరీ ముదురుతుందని లారీ చుట్టూ తాడు కట్టి, నలభై సంచులూ వేలాడదీసి, మూడు గంటల దారి పొడుగునా గాలికి ఆరబెడుతూ వెళ్లింది. గేటు మూయడానికి పది నిమిషాల ముందు రేవు చేరింది. వాసన మాత్రం వాళ్లతోనే చేరింది.

రెండు నెలలకు జపాన్ నుంచి ఉత్తరం. "సంచులు బాగున్నాయి. వాటి వాసన వారంపాటు మా కొట్టు వదల్లేదు." ఎపాంగ్ కూలబడింది. మిగతాది ఆమె కూతురు చదివింది. "అది ఏ చేపో చెప్పండి. మా ఆవిడకు పుట్టిల్లు గుర్తొచ్చిందట. ఈసారి సంచులు వంద, చేపలు ఆరు పెట్టెలు పంపండి."

మేడమ్ లుసెర్నా వంతెన మీద విన్నదంతా పొల్లుపోకుండా రాసింది. పై ఆఫీసువాళ్లు చదివింది మాత్రం ఆఖరి పేజీలో, చేపల ఆర్డరు వచ్చాక నింపిన ఒక్క గడి. కొత్త ఎగుమతి సరుకు: ఎండుచేప. సాయపడిన అధికారి: సెవెరీనో. అతనికి పెద్ద ఊరికి బదిలీ, పూలదండ, ఇంకా వెడల్పాటి ఫ్లెక్సీ. ఎపాంగ్‌కు ఎనిమిదో సర్టిఫికెట్.

ఆరో పెట్టెలో ఆఖరి కట్ట చుట్టడానికి కాగితం చాలకపోతే ఆమె దాన్నే వాడింది. దళసరి కాగితం, బొట్టు నూనె కూడా బయటికి రాలేదు. సర్కారు సాయం పనికొచ్చిందని ఎపాంగ్ ఒప్పుకున్నది ఆ ఒక్కసారే.