తొడిమ తీసిన కాయ

వ్యాట్ ఇంకా పుట్టని రోజుల్లో మన రాష్ట్రం ఒక గొప్ప విషయం కనిపెట్టింది. తొడిమ ఉన్న ఎండుమిరపకాయ పంట, తొడిమ తీసినది ఫ్యాక్టరీ సరుకు. పంటకు తక్కువ పన్ను, సరుకుకు ఎక్కువ. అంతవరకూ రెండూ మిరపకాయలేనని మనం పొరబడ్డాం.

సదరు ఫ్యాక్టరీ గుంటూరు శివార్లలోని రేకుల షెడ్డు. యజమాని బుల్లయ్య. యంత్రాలు గుల్జార్ బేగం వేళ్ళు, ఆమె కూతురు రుక్సానా వేళ్ళు. మంట పుట్టినప్పుడు యంత్రాలకు ఆముదం రాసేవారు. భర్త పోయాక బేగానికి మిగిలిన కోరిక ఒక్కటే, ఒకే గోనెపట్టా మీద కూతురు పక్కన కూర్చుని తొడిమలు తుంచడం. ప్రభుత్వానికి ఈ సంగతి తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు.

పన్ను న్యాయమైనదేనా అని తేల్చడానికి పదకొండు మంది అధికారులు పదిహేడు రోజులు ఇతర రాష్ట్రాలు తిరిగొచ్చారు. బ్రాడీపేటలో సభ పెట్టి ఫలితం ప్రకటించారు.

"పక్క రాష్ట్రంలో కాయ ఎలా ఉన్నా ఒకటే పన్ను. వాళ్ళకింకా తొడిమంటే ఏమిటో తెలియదు! మరో రాష్ట్రంలో మిరపకు అసలు పన్నే లేదు. అక్కడి ప్రజలకు ప్రభుత్వం ఒకటుందని గుర్తుచేసేవారే లేరు, పాపం!"

చప్పట్లు మోగాయి. వెనకనుంచి బేగం లేచింది.

"అయ్యా, తొడిమ తీస్తే కాయ బరువు తగ్గుద్ది గదండీ. పన్నెట్టా పెరుగుద్ది?"

"దాన్నే అభివృద్ధి అంటారమ్మా. కూర్చో."

బుల్లయ్య అభివృద్ధిని తట్టుకోలేకపోయాడు. కాయల్ని తొడిమలతోనే లారీకెక్కించి, తొడిమ తెలియని రాష్ట్రానికి పంపి, అక్కడే తుంచి అమ్మించే ఏర్పాటు చేశాడు. వేళ్ళు మాత్రం ఇక్కడివే కావాలి.

"బేగమ్మా, నీ వేళ్ళు ముసలివయ్యాయి. పిల్లని పంపు. ఇక్కడ షెడ్డు మూసేస్తన్నా, ఇద్దరూ ఏం తింటారు?"

రుక్సానా బస్తాల మీద కూర్చుంది. బేగం చెక్‌పోస్టు దాకా లారీతో వెళ్ళింది. గుమాస్తా బస్తాలు లెక్కపెట్టి, రసీదు చింపి, పోనిమ్మని చెయ్యి ఊపాడు.

"బాబూ, కాయని తొడిమ నించి తీస్తే పన్నంటగా. నా పిల్లని నా దగ్గర్నించి తీసకపోతన్నారు, దీనికేం లేదా?"

గుమాస్తా మంచివాడు. పుస్తకం మొత్తం తిరగేసి చూశాడు.

"లేదమ్మా. ఏ రాష్ట్రంలోనూ లేదు. ఇందులో మాత్రం అందరూ సమానమే."

ఆ వేసవిలో మనమందరం ఆవకాయ పెట్టుకున్నాం. పక్క రాష్ట్రం కారం, ఒక్క తొడిమ ముక్క లేదు, రంగు కూడా బాగుంది. కిలోకి రూపాయి పెరిగిందని మాత్రం కొట్టువాడితో అరగంట పోట్లాడాం.